పన్ను పీకిన పూట

గుండీలమ్మను మనం కిందటిసారి పళ్ళ ఆసుపత్రి అద్దాల తలుపు ముందు నిలబెట్టి వచ్చాం. కుడి చెంప బుంగలా వాచి, ఆ వైపు కన్ను సగం మూసుకుపోయి, దవడ చుట్టూ తుండుగుడ్డ కట్టుకుని ఉందామె. చొక్కాల ఫ్యాక్టరీలో గుండీలు కుట్టే పని కాబట్టి ఆ పేరు స్థిరపడింది. అసలు పేరు జీతం రోజున తప్ప ఎవరికీ గుర్తురాదు.

ఏడాది పైగా ఆమె ఆ పన్నును బుజ్జగిస్తూ నెట్టుకొస్తోంది. చిగురు పక్కన లవంగం నొక్కిపెట్టింది. ఉప్పునీళ్ళు పుక్కిలించింది. మందుల షాపు అతను ఇచ్చిన బిళ్ళలు మింగింది. ముద్దంతా ఎడమవైపే నమిలింది. ఆ పళ్ళ ఆసుపత్రిలోనే కూతురు బుల్లి, అక్కడి డాక్టరమ్మకు సాయంగా పనిచేస్తుంది. "చేరి రెండేళ్ళు నిండితేగానీ ఇంట్లోవాళ్ళకి ఉచితంగా చూడరమ్మా, ఓర్చుకో. అక్కడికి మాత్రం రాకు, మేడమ్‌కి నచ్చదు" అని చెప్పింది. కూతురు చెప్పిందని ఆమె పంటి బిగువున ఓర్చుకుంది.

ఇంట్లో ఉండే మూడో మనిషి గుండీలమ్మ అక్క. బుల్లికి నాలుగేళ్ళప్పుడు గుండీలమ్మ దూరపు ఊళ్ళో పనికి వెళ్తే, పిల్లను పెంచి పెద్దచేసింది ఈ అక్కే. తండ్రి అప్పటికే పోయాడు. కిందటి నెల అక్క నోటినిండా కొత్త పళ్ళతో కనబడింది. మార్కెట్ హాల్లో ఎవరో ఉచిత శిబిరం పెట్టి కట్టుడు పళ్ళు ఇచ్చారనీ, చెల్లెలు పనినుంచి వచ్చేసరికే దుకాణం ఎత్తేశారనీ చెప్పింది. తనకి అందలేదని కొంచెం బాధపడ్డా, అక్క ముద్ద నమిలి తినగలుగుతోందని గుండీలమ్మ సంతోషించింది.

ఇవాళ మధ్యాహ్నం మిషను ముందు కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పక్కకి ఒరిగిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. సూపర్‌వైజర్ ఇంటికి పొమ్మన్నాడు. ఆమె కాళ్ళు ఇంటివైపు వెళ్ళలేదు.

తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. లోపల చల్లగా ఉంది. గోడవారగా కుర్చీల్లో నలుగురైదుగురు కూర్చుని ఉన్నారు. ఆమె మొహం చూసి ఒకావిడ తన పిల్లను దగ్గరకు లాక్కుంది. లేతాకుపచ్చ కోటు వేసుకుని, మూతికి గుడ్డ కట్టుకుని ఉన్న బుల్లి ట్రే పట్టుకుని వస్తూ ఆమెను చూసి ఆగిపోయింది. మూతి కనబడకపోయినా ఆ కంగారు తెలియడానికి కళ్ళు చాలు.

"ఎందుకొచ్చావు?" అంది దగ్గరకొచ్చి, నెమ్మదిగా.

"ఇంక నావల్ల కాలేదే. మింగుడు పడట్లేదు. మంచినీళ్ళు కూడా దిగట్లేదు."

"సాయంత్రం నేను మాత్రలు తెస్తానుగా! ఇంటికెళ్ళు. వెనకనుంచి దారి ఉంది, అటు వెళ్ళు."

ఇంతలో లోపలి గదిలోంచి డాక్టరమ్మ చేతులు తుడుచుకుంటూ బయటకొచ్చింది. పొట్టిగా, చలాకీగా ఉండే మనిషి. ఒక్క చూపులో వాపంతా చూసేసింది. తుండుగుడ్డ తనే విప్పి, రెండు వేళ్ళతో దవడ కింద నొక్కింది. గుండీలమ్మకు ప్రాణం పోయినంత పనైంది.

"ఎన్నాళ్ళనుంచి? ఇంత ముదిరేదాకా ఎవరూ చూసుకోలేదా? ఎవరమ్మాయ్ ఈవిడ? నీకు తెలిసినవాళ్ళా?"

బుల్లి ట్రేలోకి చూసింది.

"మా పిన్ని, మేడమ్."

గుండీలమ్మ ముందు సరిగ్గా వినలేదనుకుంది. జ్వరానికి చెవులు గుయ్యిమంటున్నాయి. తర్వాత, పని చేసేచోట పిల్లకి ఏ ఇబ్బంది ఉందో, తల్లినంటే ఏం తంటానో అనుకుని సర్దిచెప్పుకుంది. కన్నబిడ్డ తప్పును కప్పడానికి తల్లికి కారణాలు ఎప్పుడూ చేతికందేంత దూరంలోనే ఉంటాయి. 'అవునమ్మా, పిన్నినే' అన్నట్టు తల కూడా ఊపింది.

"పోలిక ఉందిలే. రండి, కూర్చోండి" అంది డాక్టరమ్మ.

కుర్చీ వెనక్కి వాలింది. మొహం మీద తెల్లటి దీపం వెలిగింది. షుగరుందా, బీపీ ఉందా అని డాక్టరమ్మ బుల్లిని అడిగింది.

"తెలీదు మేడమ్, కనుక్కుంటాను" అంది బుల్లి. తల్లివైపు వంగి, పరాయివాళ్ళను అడిగినట్టే అడిగింది. "మీకేమన్నా ఉన్నాయా?"

'మీకు' అంది. గుండీలమ్మ ఏమీ లేవని తలూపి నోరు తెరిచింది.

డాక్టరమ్మ చిన్న అద్దం లోపల పెట్టి చూసి నిట్టూర్చింది. "పోయిన ఏడాది వచ్చుంటే ఈ పన్ను బతికేది. వేరు శుభ్రం చేసి తొడుగు వేసేదాన్ని. ఇప్పుడు చీము పట్టేసింది, తీసెయ్యడమే. భయపడకండి. మీ అక్కయ్యగారూ మొదట్లో ఇలాగే బిక్కచచ్చిపోయారు."

అద్దం నోట్లోనే ఉంది. గుండీలమ్మ కనుగుడ్లు మాత్రం డాక్టరమ్మవైపు తిరిగాయి.

"చెప్పలేదా మీకు? మా దగ్గర పనిచేసేవాళ్ళకి ఇంట్లో ఒక్కరికి ఉచితంగా చేస్తాం. చేరినరోజే చెప్తాం. అందరూ మర్నాడే ఎవర్నో ఒకర్ని లాక్కొస్తారు, ఈ అమ్మాయి మాత్రం తొందరపడలేదు. ఆఖరికి మొన్న వాళ్ళమ్మగార్ని తీసుకొచ్చింది. మొత్తం పళ్ళ సెట్టు నేనే చేశాను. కొలతలు తీస్తుంటే ఆవిడ ఒకటే ఏడుపు. నా కూతురు నాకు చేయిస్తోందమ్మా అని బయట కూర్చున్నవాళ్ళందరికీ చెప్పుకుంది. ముచ్చటేసింది. ఇంకొంచెం పెద్దగా తెరవండి... అదీ. అమ్మాయ్, ఆ గొట్టం సరిగ్గా పట్టుకో."

ఉమ్మి లాగే గొట్టం గుండీలమ్మ నాలుక కింద టకటకా కొట్టుకుంది.

ఆమె నోరు బార్లా తెరిచి ఉంది. లోపల ఇనుప అద్దం ఉంది, డాక్టరమ్మ వేలుంది, కూతురు పట్టుకున్న గొట్టం ఉంది. మాటకు మాత్రం చోటు లేదు. శిబిరం లేదు. మార్కెట్ హాల్లో ఎవరూ ఏ దుకాణమూ పెట్టలేదు, ఎత్తలేదు. రెండేళ్ళ నియమం లేదు. నొప్పితో తను గోడకి తల ఆనించుకుని కూర్చుంటే, గోరువెచ్చటి ఉప్పునీళ్ళు గ్లాసులో పోసి 'పుక్కిలించు, తగ్గిపోతుందిలే' అని వీపు నిమిరిన అక్క, ఆ పూటే ఈ కుర్చీలోంచి లేచి వచ్చి ఉంటుంది. తను ఆ చేతిని ముద్దు పెట్టుకున్నంత పనిచేసింది.

"చీము ఉన్నచోట మత్తు సరిగ్గా ఎక్కదు, కాస్త తెలుస్తుంది" అంటూ డాక్టరమ్మ సూది గుచ్చింది. "పిన్ని అంటే మా లెక్కలోకి రారనుకోండి. కానీ ఈ వాపుతో పంపితే రేపు గొంతులోకి దిగుతుంది. డబ్బు సంగతి తర్వాత చూసుకుందాం."

పెదవి సగం మొద్దుబారింది. నాలుక సగం ఎవరిదో అయిపోయింది. పట్టకారు పన్నును పట్టుకుని అటూ ఇటూ ఆడిస్తుంటే ఎముకలో ఏదో పటపటలాడిన చప్పుడు నేరుగా తలలోకి వినబడింది. చెంపల మీదుగా చెవుల్లోకి నీళ్ళు కారిపోయాయి.

"నొప్పా?" అంది డాక్టరమ్మ ఆగి.

గుండీలమ్మ కాదని తలూపింది. ఆ మాట నిజం. ఏడాదినుంచి ఆమెను పీక్కుతిన్న నొప్పి ఆ నిమిషంలో ఎక్కడుందో ఆమెకే తెలియలేదు.

పన్ను వచ్చేసింది. గుంటలో గుడ్డచుట్టిన దూది ఉండ పెట్టి, "గట్టిగా కరిచిపట్టుకోండి. నేను చెప్పేదాకా మాట్లాడొద్దు, ఉమ్మొద్దు" అంది డాక్టరమ్మ. బుల్లివైపు తిరిగి, "వెనకగదిలో కూర్చోబెట్టు. ఒంటరిగా పంపకు, ఇంటినుంచి ఎవర్నయినా పిలువు. మీ అమ్మగారినే రమ్మను" అంది.

వెనకగదిలో పనిముట్లు ఉడకబెట్టే యంత్రం బుసలు కొడుతోంది. గూటి నిండా ప్లాస్టరు దవడల అచ్చులు వరసగా పేర్చి ఉన్నాయి. బుల్లి ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టింది. గుమ్మం బయటికెళ్ళి ఫోన్ చేసి వచ్చింది. తలుపు మూసింది. మూతిగుడ్డ కిందికి లాగింది. ఇరవైమూడేళ్ళ పిల్ల మొహం ఒక్క పూటలో పెద్దదానిలా అయిపోయింది.

"పెద్దమ్మకి ఫోన్ చేశాను. వస్తోంది" అంది. గుండీలమ్మ కళ్ళు ఆర్పకుండా చూస్తూనే ఉంది.

"అలా చూడకు. తిట్టాలనుంటే ఇంటికెళ్ళాక తిట్టు. అవును, అబద్ధమాడాను. రెండేళ్ళ మాట నేను పుట్టించిందే. శిబిరం మాట కూడా నేనే చెప్పమన్నాను. పెద్దమ్మ కంగారుపడింది, చెల్లెలు అడిగితే ఏం చెప్పనే అంది. నేనే నేర్పించాను."

గుండీలమ్మ గొంతులోంచి ఏదో మూలుగు వచ్చింది.

"మాట్లాడకు, రక్తం ఆగదు. నేను చెప్పేది విను. ఇంకెప్పుడూ నువ్వు ఇంత బాగా వినవు." నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అమ్మని తీసుకురమ్మన్నారు. తీసుకొచ్చాను. అంతే. చేరినప్పటినుంచి రోజూ అనుకుంటూనే ఉన్నాను, ఎవర్ని తీసుకురావాలి అని. రోజూ నీ పేరే ముందు వచ్చేది. నొప్పి నీకు కదా. పెద్దమ్మకి నొప్పి లేదు, పళ్ళే లేవు. ఐదారేళ్ళనుంచి చిగుళ్ళతో నలుపుకుని మింగుతోంది. నాకు మాత్రం ఏదైనా గట్టిది పెట్టి, నువ్వు తిను, నాకు సయించదు అనేది. నన్ను ఒక్కసారి కూడా ఏమీ అడగలేదు, తెలుసా? నువ్వు అడిగావు. నెలకోసారి అడిగావు, నా సంగతి ఏమైందే అని. ఆవిడ అడగలేదు. అందుకే ఆవిడకి చేయించాను."

బుల్లి గోడకి ఆనుకుని కిందికి జారి గొంతుక్కూర్చుంది.

"పాలపన్ను ఊడక నేను గోల చేస్తే దారం కట్టి పీకింది ఎవరు? ఆవిడ. బడికి పంపింది, జడ వేసింది, కొట్టింది, మళ్ళీ తనే ఏడ్చింది. నువ్వు నెల నెలా డబ్బు పంపావు. కాదనను. కానీ డబ్బుకి మొహం ఉండదు కదా. నాకు కడుపు కోసిన రోజు గుర్తుందా నీకు? నీకెందుకు గుర్తుంటుంది, నువ్వు లేవుగా! తొమ్మిదేళ్ళు నాకు. కళ్ళు తెరిచేసరికి పెద్దమ్మ ఉంది. అమ్మ వచ్చిందా అని అడిగాను. కబురు పంపాను, పని వదిలి రావడం కుదరదంది అని చెప్పింది. నేను ఏడవలేదు. కుట్లు లాగుతాయని కూడా కాదు, ఏడుపు రాలేదు. ఇంకెవరైనా మీ అమ్మ ఎవరని అడిగితే ఎవర్ని చూపించాలో ఆ రోజే తేల్చుకున్నాను. ఇవాళ మేడమ్ అడిగింది. చూపించాను."

గుండీలమ్మ లేచి నిలబడింది. నోట్లోంచి దూది ఉండ తీసి అరచేతిలో పట్టుకుంది. పెదవి సగం ఆమె మాట వినడం లేదు. మాట వంకరగా, నత్తిగా, రక్తం కలిసి వచ్చింది.

"వచ్చాను."

"ఏంటి?"

"వచ్చానే. నీకు ఆపరేషన్ అయిన రోజు. కబురు అందిన పూటే బయల్దేరాను. నువ్వున్న గది తలుపు దగ్గరకి వచ్చాను. అక్క బయటికొచ్చింది. ఇప్పుడే నిద్రపట్టింది, నిన్ను చూస్తే ఏడుస్తుంది, ఏడిస్తే కుట్లు తెగుతాయని డాక్టరు చెప్పాడు, వెళ్ళిపో, నువ్వొచ్చావని నేను చెప్తానులే అంది. తలుపు సందులోంచి నీ పాదాలు చూశాను. అంతే చూశాను. దుప్పటి చాలక బయటికున్నాయి."

"అబద్ధం."

"పసుప్పచ్చ గౌను ఇచ్చి పంపాను."

బుల్లి మొహంలోంచి రంగు దిగిపోయింది.

"బాతుపిల్లల గుండీలు" అంది గుండీలమ్మ. రక్తం గడ్డం మీదికి కారుతుంటే తుండుగుడ్డతో అదుముకుంది. "పిల్లల బట్టల కోసం ఫ్యాక్టరీకి వచ్చాయి. బతిమాలి తెచ్చుకున్నాను."

"ఆ గౌను పెద్దమ్మ కొన్నది. షాపులో కొన్నానని చెప్పింది. నాకు పొట్టి అయిపోయేదాకా అదే వేసుకున్నాను."

"షాపులో కొన్నదైతే అందులో ఒక బాతు తలకిందులుగా ఎందుకుంటుందే? దారంతా కుదుపులు. బస్సులో కూర్చుని కుట్టాను. దిగాకగానీ చూసుకోలేదు. విప్పి కుట్టే టైము లేక అలాగే ఇచ్చాను."

యంత్రం బుసకొట్టడం ఆపింది. బుల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ తలకిందుల బాతుకి ఆమె చిన్నప్పుడు ఒక పేరు కూడా పెట్టుకుంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. లేచి వచ్చి, తల్లి గడ్డం కింద కారుతున్న రక్తం తుడవబోయి, తుడవలేక, ఆమె మణికట్టు పట్టుకుని అలాగే నిలబడింది. ఏడుస్తోందో లేదో తనకే తెలియనట్టు ఉంది.

"చెప్పలేదు" అంది. "నాకెవరూ చెప్పలేదు."

గుండీలమ్మకు కూతురి మీద ఉన్న కోపమంతా ఆ మాటతో కరిగి, రెండింతలై ఇంకోవైపు తిరిగింది. ఏడాది నొప్పి ఒక ఎత్తు. ఆ కొత్త పళ్ళు ఒక ఎత్తు. వాటిని ఎలాగో మర్చిపోవచ్చు. ఆకలికి మనిషి ఎన్ని అబద్ధాలైనా ఆడుతుంది. కానీ తొమ్మిదేళ్ళ పిల్ల మనసులోంచి తల్లిని పన్ను పీకినట్టు పీకేసి, ఆ గుంటలో తను కూర్చున్నదే! చేతులు పట్టుకుని 'పిల్ల నీకోసం ఒక్కసారైనా అడగదే, ఏం మనసో' అని ఇన్నేళ్ళూ తనను ఓదార్చింది కూడా ఆ అక్కే.

బయట అద్దాల తలుపు చప్పుడైంది. డాక్టరమ్మ గొంతు హుషారుగా వినబడింది.

"అమ్మాయ్! మీ అమ్మగారు వచ్చారు!"

తలుపు తెరుచుకుంది. అక్క ఆయాసపడుతూ లోపలికి వచ్చింది. వడివడిగా నడిచి వచ్చినట్టుంది, నుదురంతా చెమట. డాక్టరమ్మకోసం తెచ్చిపెట్టుకున్న నవ్వు ఇంకా మొహం మీదే ఉంది. తెల్లగా, వరసగా, ఒక్కటీ వంకర లేని పళ్ళు. చెల్లెలి గడ్డం మీది రక్తం చూసింది. పిల్ల ఆమె మణికట్టు పట్టుకుని నిలబడడం చూసింది. నవ్వు ఒక్కసారిగా పోలేదు, కొంచెం కొంచెంగా మూసుకుంది.

"పీకేశారా? పోనీలే, పీడా వదిలింది" అంది.

"పెద్దమ్మా" అంది బుల్లి. "నాకు ఆపరేషన్ అయిన రోజు అమ్మ వచ్చిందా?"

అక్క వెనక్కి తిరిగి తలుపు జాగ్రత్తగా మూసింది. గడియ పెట్టింది. సంచీ కింద పెట్టి, ఇందాక గుండీలమ్మ కూర్చున్న స్టూలు మీద కూర్చుంది. బుకాయిస్తుందని, ఏడుస్తుందని, కాళ్ళమీద పడుతుందని గుండీలమ్మ అనుకుంది. అక్క వాటిలో ఏదీ చెయ్యలేదు.

"వచ్చింది" అంది. "నేనే పంపేశాను. గౌను కూడా అది తెచ్చిందే. మళ్ళీ ఆ రోజే వస్తే మళ్ళీ అలాగే పంపేస్తాను."

"ఎందుకు?" అంది బుల్లి.

అక్క పిల్లవైపు చూడలేదు. చెల్లెలి కళ్ళలోకే చూసింది.

"కుదుపుల్లో కుట్టానని చెప్పుంటావు. బస్సు సంగతి చెప్పావు కదా? ఆ బస్సులో నీ పక్కన ఎవరు కూర్చున్నారో చెప్పావా? లోపల పిల్లకి స్పృహ లేదు, బయట గేటు దగ్గర ఒక మనిషి నీకోసం కాచుకుని నిలబడ్డాడు. పిల్లను కూడా తీసుకుపోదామని వచ్చారిద్దరూ. అతనెవరో ఇవాళ నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

ఆ మాట చచ్చేదాకా నోరుజారనివ్వనని చేతిలో చెయ్యేసి చెప్పిన మనిషి అక్క. ఇన్నేళ్ళలో ఎంత కోపమొచ్చినా, ఎన్ని మాటలనుకున్నా, అదొక్కటీ దాటలేదు. గుండీలమ్మ తుండుగుడ్డ నోటికి అడ్డం పెట్టుకుంది. బుల్లి, తను పట్టుకున్న తల్లి చేతిని మెల్లగా వదిలేసి రెండడుగులు వెనక్కి వేసింది.

"ఎవరమ్మా ఆ మనిషి?" అంది.

ఆ పిలుపుకి ఇద్దరూ ఒకేసారి తలెత్తారు.